చనిపోయిన సూర్రావును చూడడానికి అమీర్‌పేట వెళ్ళాను

మా తుని నుంచి హైదరాబాద్ వెళ్ళేవాళ్ళు రోజూ ఉంటారు. కోచింగులకని, ఆసుపత్రులకని, పెళ్ళిచూపులకని వెళ్తారు. తిరిగొచ్చాక బిర్యానీ గురించీ ట్రాఫిక్ గురించీ చెబుతారు. నేను వెళ్ళిన పని వేరు. మేమంతా కలిసి దహనం చేసి, దినం భోజనాలు కూడా తినొచ్చిన మనిషి ఒకడు అమీర్‌పేటలో బతికే ఉన్నాడేమోనని అనుమానం వచ్చింది. అవునో కాదో చూసి రమ్మని అతని భార్య నన్ను పంపింది. వచ్చి నెల దాటింది. వీధిలో ఒకరికి చెప్పిన మాట ఇంకొకరి చెవిన పడేసరికి మారిపోతోంది. దయ్యాన్ని చూసొచ్చానని కూడా అంటున్నారు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

తుని

నాకు తునిలో ఫోటో స్టూడియో ఉంది. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక మాకు మిగిలిన పని పాస్‌పోర్టు ఫోటోలు, చనిపోయినవాళ్ళ ఫోటోలు పెద్దవి చెయ్యడం. ఇంటివాళ్ళు ఏ పెళ్ళి గుంపులోదో చిన్న బొమ్మ తెస్తారు. అందులోంచి మనిషిని వేరు చేసి, చొక్కా మడతలు సర్ది, కళ్ళలో కాస్త వెలుగు పెట్టి, ఫ్రేము కట్టించి ఇస్తాను. సూర్రావు ఫోటో కూడా అలాగే చేశాను.

సూర్రావు మా వీధి చివర ఉండేవాడు. చిన్న వ్యానులో కొబ్బరికాయలూ అరటిగెలలూ తోలేవాడు. ఏడెనిమిదేళ్ళ కిందట తుఫాను వానలో వ్యాను కాలవలో పడింది. కొన్ని రోజులకు దిగువన ఒక శవం తేలింది. ముఖం పోల్చుకునే స్థితిలో లేదు. ఒంటిమీది చొక్కా మాత్రం సూర్రావుది. దాని జేబు చిరిగితే సత్యవతి వేరే రంగు దారంతో కుట్టింది. ఆ కుట్టు చూసి అక్కడే కూలబడిపోయింది. ఆ తర్వాత ఎవరికీ సందేహం రాలేదు.

ఈ ఏడాది ఎండలు మొదలైన రోజుల్లో, మిట్టమధ్యాహ్నం, స్టూడియోకి ఫోన్ వచ్చింది. ఎవరో పెద్దావిడ గొంతు.

"తునిల ఫోటో స్టూడియోనా అన్నా? హైదరాబాద్ నుంచి గ్రేసమ్మను మాట్లాడుతున్న. మాది ప్రార్థన ఇల్లు. దిక్కులేనోళ్ళు ఉంటరు మా తాన. గీడ ఒకాయన మస్తు దినాల సంది పేరు చెప్తలేడు. మొన్న మీ స్టూడియో పేరు చెప్పిండు. ఫోన్ల వెతికితే మీ నంబరు దొరికింది. జర మాట్లాడుతరా?"

సరేనన్నాను. ఫోన్ చేతులు మారిన చప్పుడైంది. ఆ తర్వాత ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు. "ఎవరండీ?" అని రెండుసార్లు అడిగాను.

"అయిపోయిందా?" అంది ఒక మగ గొంతు.

"ఏమిటి?"

"దినం."

ఫోన్ ఆగిపోయింది. ఆ గొంతు నాకు తెలుసు. ఎవరిదో చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

సాయంత్రం సత్యవతి ఇంటికి వెళ్ళి చెప్పాను. ఆమె ఇంటి ముందు ఇడ్లీలు వేసి అమ్ముతుంది. మర్నాటికి పిండి రుబ్బుతోంది. విన్నాక గ్రైండరు ఆపింది.

"నవ్వాడా అన్నయ్యగారూ?" అంది.

"లేదమ్మా."

"ఎంత వేళాకోళం మాటైనా నవ్వకుండా అనే మనిషి. నవ్వకపోతే ఆయనే అయ్యుండొచ్చు." పిండి గిన్నెలోకి తోడసాగింది. "నేను రాలేను. అక్కడ ఇంకెవరైనా ఉంటే ఆయన రెండోసారి పోయినట్టవుతుంది నాకు. ముందు మీరు చూసి రండి. ఆ ముఖం నాకంటే మీరే ఎక్కువసేపు చూశారు."

గోడ మీది ఫోటో తీసి, పాత చీరలో చుట్టి నా చేతికిచ్చింది. ఎండిన గంధపుమాల తియ్యడానికి చెయ్యి పెట్టి, తియ్యకుండానే వదిలేసింది.

రైల్లో

ఫోటోను సీటు కింద పెట్టడానికి మనసొప్పలేదు. ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా అన్నవరం ప్రసాదం పంచుతున్న ముసలాయన, ఎవరిని చూడడానికి వెళ్తున్నారని అడిగాడు. "మా ఊరి మనిషిని" అన్నాను. "బావున్నాడా?" అన్నాడు. "చూడాలండి" అన్నాను. నాకు జబ్బుమనిషిని చూసే ముఖం ఉందనుకున్నాడో ఏమో, ఇంకో ఆకు ప్రసాదం చేతిలో పెట్టాడు.

బేగంపేట, అమీర్‌పేట

పొద్దున బేగంపేటలో దిగాను. మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషనే అమీర్‌పేట అని చెప్పారు. మొదటి ఇబ్బంది అక్కడే వచ్చింది. మెట్రో లోపలికి వెళ్ళాలంటే సామాను యంత్రంలోంచి పోవాలి. తెర మీద ఏం కనపడిందో గానీ కాపలా అమ్మాయి నా మూటను పక్కకు తీసింది.

"ఏముందన్నా గిండ్ల? గాజుదా? ఇప్పి చూపెట్టు."

చీర విప్పాను. గంధపుమాలలోంచి సూర్రావు బయటికి చూశాడు. నా వెనక వరసలో ఉన్నవాళ్ళు ఒకడుగు వెనక్కి వేశారు. ఆ అమ్మాయి టక్కున చెప్పుల్లోంచి పాదాలు బయటికి తీసి దండం పెట్టింది.

"మాఫ్ చెయ్యన్నా. ఎప్పుడు పోయిండు?"

"పోయాడో లేదో చూడడానికే వెళ్తున్నానమ్మా."

ఆ అమ్మాయి నవ్వలేదు. మూట తనే కట్టిచ్చి, నేను మెట్లెక్కేదాకా నా వైపే చూస్తూ నిలబడింది.

అమీర్‌పేటను టీవీలో చూడడం వేరు. స్టేషన్ దిగగానే మనుషులకంటే ముందు ముఖాలు కనపడతాయి. గోడ నిండా, స్తంభాల నిండా, మేడల మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా కోచింగు సెంటర్ల బోర్డులు. బోర్డుకు వందమంది కుర్రాళ్ళ పాస్‌పోర్టు ఫోటోలు. అన్నీ ఒకే మాదిరి చిరునవ్వులు. ఫోటోలు దిద్దే నాకు ఆ నవ్వులు ఎక్కడ నుంచి వచ్చాయో తెలుసు. అయినా అన్ని కళ్ళు ఒకేసారి నన్నే చూస్తుంటే తల వంచుకుని నడిచాను.

తల వంచుకుంటే కింద ఇంకో అమీర్‌పేట ఉంది. మెట్రో స్తంభాల మధ్య నడిమి గట్టు మీద, తల నుంచి కాళ్ళ దాకా దుప్పటి కప్పుకుని మనుషులు వరసగా పడుకుని ఉన్నారు. మా వైపు ముఖం మీద గుడ్డ కప్పుకుని పడుకుంటే పెద్దవాళ్ళు లేపి తిడతారు. ఇక్కడ అందరూ అలాగే ఉన్నారు. బస్సు పోయినప్పుడల్లా గాలికి దుప్పట్లు లేస్తున్నాయి, కింద ఉన్నవాళ్ళు కదలడం లేదు.

బండి దగ్గర ఇడ్లీ తిన్నాను. మా ఇడ్లీకి పక్కన అల్లం పచ్చడి లేకపోతే గొడవ చేస్తాం. ఇక్కడ పల్లీ చట్నీని పప్పులా పోస్తారు. ప్లేటు నలభై రూపాయలు. మా ఊళ్ళో ఆ డబ్బుకి సత్యవతి ఇద్దరికి కడుపు నింపుతుంది. ప్రార్థన ఇల్లు ఎక్కడని బండివాడిని అడిగితే చేతిలోని గరిటెతోనే సందు చూపించాడు. "గ్రేసమ్మ ఇల్లా? సీదా పో. తలుపు తీసే ఉంటది. లోపటోళ్ళు మాట్లాడకుంటే ఫికర్ చెయ్యకు, గట్లనే ఉంటరు."

ప్రార్థన ఇల్లు

పుస్తకాల షాపుకీ హాస్టల్‌కీ మధ్య సన్నటి సందు. రోడ్డు మీది రొద సందులోకి రాదు. అంత దగ్గరలో అంత నిశ్శబ్దం ఉంటుందంటే నమ్మలేం. చివర చిన్న ప్రార్థన మందిరం, దాని వెనక పాత రెండంతస్తుల ఇల్లు. తలుపు నిజంగానే తీసి ఉంది.

లోపల పొడుగాటి గది. గోడకు ఆనుకుని పదిమందికి పైగా మగవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఉతికిన బట్టలు, దువ్విన తలలు. ఒక్కరూ మాట్లాడడం లేదు. ఒకాయన గోడను వేలితో తడుతున్నాడు, ఎవరో అవతలి నుంచి జవాబిస్తారన్నట్టు ఆగి వింటున్నాడు. ఇంకొకాయన పక్కన చోటు ఖాళీగా ఉంది. అక్కడ కూర్చోబోతే చెయ్యి అడ్డం పెట్టి, "మనిషున్నడు" అన్నాడు.

నేను మూటను బల్ల మీద పెట్టాను. గుడ్డ జారి ఫ్రేము అంచూ గంధపుమాల కొసా బయటపడ్డాయి. ఒకరి తర్వాత ఒకరు తలలు అటు తిప్పారు. గోడ తట్టడం ఆగిపోయింది. చివరన ఉన్నాయన నెమ్మదిగా దుప్పటి తల మీదికి లాక్కున్నాడు. అతణ్ణి చూసి పక్కాయన, అతణ్ణి చూసి ఇంకొకాయన. చూస్తుండగానే గోడ పొడుగునా దుప్పట్లే మిగిలాయి.

"అయ్యో, గది లోపటికి తెచ్చినవా అన్నా!" అంటూ గ్రేసమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి, నీలం చీర, మెడలో చిన్న సిలువ. మూట ఎత్తి తన గదిలో పెట్టి తలుపు మూసింది. తర్వాత గోడ వెంట నడుస్తూ ఒక్కొక్కరి భుజం మీద చెయ్యి వేసి, "ఏంలేదు బిడ్డా, చాయ్ వస్తది" అంది. దుప్పట్లు ఒక్కొక్కటే దిగాయి.

"తప్పుగా అనుకోకు" అని నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళింది. "కింది గదిల అద్దం సుత పెట్టలేదు. రోడ్డు మీద శాన దినాలు ఉన్నోడు తన మొకం సడన్‌గ చూస్తే అదురుకుంటడు. ఒకాయన అద్దం పగలగొట్టి చెయ్యి కోసుకున్నడు. గప్పటి సంది తీసేసినం. జర కుదురుకున్నంక మీదికి పోతరు. మీద అద్దం ఉంటది. పనికి పోయేటోళ్ళకు ఎనక గదులు, ఎవల తాళంచెవి వాళ్ళ తాన్నే."

గ్రేసమ్మది మెదక్ వైపు పల్లె. నగరంలో నర్సుగా చేసి రిటైరైంది. ఆసుపత్రిలో నయమైనవాళ్ళను మళ్ళీ ఫుట్‌పాత్ మీదికి పంపవలసి రావడం చూడలేక, సంఘంవాళ్ళను అడిగి ఈ పాత ఇల్లు తీసుకుందట. పొద్దునా సాయంత్రం ప్రార్థన ఉంటుంది. రమ్మని ఎవరినీ పిలవరు, వస్తే వద్దనరు. రోడ్ల మీద నుంచి మనుషుల్ని తెచ్చేది యూసుఫ్ భాయ్ అనే ఆటో ఆయన. నమాజు వేళకు వెళ్ళి చేసుకుని, మళ్ళీ ఆటో తీస్తాడు.

సూర్రావును తెచ్చింది కూడా ఆయనే. చాయ్ తాగుతూ చెప్పాడు.

"పంజగుట్ట శ్మశానం గోడకు పండుకుని ఉండె భాయ్. లేపితే, 'నేను చచ్చిపోయిన, నన్ను కదపకుండ్రి' అంటడు. మూడుసార్లు పోయిన. గదే మాట. ఆఖరుకు నేనన్న, సరే భాయ్, నువ్వు చచ్చిపోయినవ్. చచ్చిపోయినోనికి సుత స్నానం చేపిస్తరు గదా? ముందుగాల్ల స్నానం చేస్కో, తర్వాత ఏడ పండుకుంటవో పండుకో. జర సోంచాయించిండు. లేచి ఆటోల కూసున్నడు."

"మరి బతికే ఉన్నావని చెప్పలేదా?" అన్నాను.

"చెప్తే లేచి పోతుండె" అంది గ్రేసమ్మ. "అందుకే చెప్పుడు బంద్ పెట్టిన. అన్నం పెట్టిన. మందులిచ్చే డాక్టరమ్మకు చూపెట్టిన. ఒక దినం యూసుఫ్ భాయ్ ఒకాయన్ని తెచ్చిండు, కాలంతా పుండ్లు, పురుగులు. ఎవ్వలు దగ్గరికి పోతలేరు. ఈయనే లేచిండు. 'నాకేమైతది సిస్టర్, నేను చచ్చిపోయినోన్ని' అని బకెట్ తీస్కున్నడు. గప్పటి సంది కొత్తగ వచ్చినోళ్ళకు స్నానం పోసే పని ఈయనదే. ఇగ మొన్న మీద గదిల గడ్డం గీస్కుంటుంటే తెగింది. ఉరుక్కుంట వచ్చి నాకు వేలు జూపెట్టిండు. 'సిస్టర్, రక్తం వచ్చింది' అన్నడు. గా సాయంత్రమే మీ స్టూడియో పేరు చెప్పిండు."

అప్పుడు నా వెనక నుంచి ఒక గొంతు వినపడింది.

"మాస్టారూ, మీసం నెరిసిపోయిందేంటండీ."

ఫోన్లో విన్న గొంతే. తిరిగి చూస్తే ఖాళీ బకెట్ పట్టుకుని ఒక సన్నటి మనిషి నిలబడి ఉన్నాడు. తల తెల్లబడింది. ఎడమ కనుబొమ్మను రెండుగా చీలుస్తూ మచ్చ. ముందు పళ్ళు రెండు లేవు. నా ఫ్రేములో ఉన్న మనిషి కాదు. కానీ ముఖాల మీద బతికేవాడిని, ఎక్కడ చూడాలో తెలుసు. వయసొచ్చినా చిక్కిపోయినా చెవుల తీరు మారదు. నేను దిద్దినప్పుడు కూడా చెవులు ముట్టుకోలేదు. ఆ చెవులు సూర్రావువి.

"సూర్రావ్" అన్నాను.

అతను చుట్టూ చూశాడు, నేను పిలిచిన మనిషి ఇంకెక్కడో ఉన్నట్టు.

మధ్యాహ్నం అక్కడే తిన్నాను. అన్నం, పప్పుచారు, వంకాయ కూర. పప్పుచారులో మా వైపు తీపి తగిలింది. అడిగితే వంటామె మూతి తిప్పింది. "గీయన వచ్చిన కాడ్నుంచి చారుల బెల్లం ఎయ్యి, బెల్లం ఎయ్యి అని నా పానం తీస్తుండు. ఇప్పుడు అందరికి గదే అలవాటైంది." సూర్రావు తల వంచుకుని తింటున్నాడు. నాకెందుకో అక్కడే గుండె కాస్త తేలికపడింది.

పంజగుట్ట గోడ దగ్గర

ఎండ కొంచెం తగ్గాక, "నేనున్న చోటు చూపిస్తాను రండి" అన్నాడు. యూసుఫ్ భాయ్ ఆటోలో పంజగుట్ట దాకా దింపాడు. నగల దుకాణాలు, అద్దాల మేడలు, పట్టుచీరలు కట్టిన బొమ్మలు. ఫ్లైఓవర్ కింద సిగ్నల్ దగ్గర ఆగిన బళ్ళ హారన్లు. అక్కడి నుంచి కాస్త నడవగానే శ్మశానం గోడ వచ్చింది. గోడకు ఇవతల చెరకురసం బండి, పూలమాలల కొట్టు. అవతల సన్నగా పొగ లేస్తోంది. ఊరి మధ్యలో, ఆఫీసులకు వెళ్ళే దారిలో శ్మశానం ఉండడం నాకు వింత. మా దగ్గర ఊరి బయట, ఏటి ఒడ్డున ఉంటుంది. కాళ్ళు కడుక్కోకుండా ఇళ్ళలోకి రానివ్వం. ఇక్కడ ఆ గోడనీడలోనే నిలబడి చెరకురసం తాగుతున్నారు.

సూర్రావు గోడ వారగా ఒక చోట ఆగి, కాలితో నేలను సరిచేసి కూర్చున్నాడు. ఆ చోటు అతని నడుముకు సరిగ్గా కుదిరింది. నేను నిలబడే ఉన్నాను.

"ఆ రోజు వానలో ఒకతను చెయ్యెత్తాడండి" అని మొదలుపెట్టాడు. అతని మాట మా తుని మాటలా మొదలై మధ్యలో ఇక్కడి యాసలోకి జారిపోతోంది. "గజగజ వణుకుతున్నాడు. పక్కన కూర్చోబెట్టుకున్నా. సీటు వెనక నా పొడి చొక్కా ఉంటే వేసుకోమన్నా. వేసుకున్నాడు. ఎక్కడికెళ్ళాలని అడగబోతుంటే బండి జారిపోయింది. నీళ్ళలో ఆయన చెయ్యి నా చేతికి దొరికింది. తర్వాత దొరకలేదు."

ఒడ్డెక్కాడట. తలకు దెబ్బ. ఎక్కడ తిరిగాడో, ఎవరు అన్నం పెట్టారో గుర్తులేదు. ఒకరోజు కాళ్ళు వాటంతటవే మా వీధిలోకి వచ్చాయి.

"మా ఇంటి ముందు షామియానా ఉందండి. జనం భోంచేస్తున్నారు. ఎవరిదా అని చూస్తే బల్ల మీద నేనున్నాను. దండేసి, దీపం పెట్టి. మీరు కూడా ఉన్నారు మాస్టారూ. అద్దం మీద ఎండ పడి ముఖం కనపడట్లేదని ఫోటోని ఒక పక్కకి తిప్పారు. తిప్పగానే ఆయన నన్ను చూశాడు."

"ఎవరు?"

"ఫోటోలో ఆయన. మంచి కళ్ళు ఆయనవి. చెమట లేదు, మట్టి లేదు. నన్ను చూసుకుంటే ముఖమంతా వాచి, గడ్డం, చినిగిన లుంగీ. ఇద్దర్లో సూర్రావు ఎవరంటే ఎవరైనా ఆయన్నే చూపిస్తారు."

పందిరి వెనక బిచ్చగాళ్ళకు విస్తళ్ళు వేశారు. వాళ్ళతోపాటు కూర్చున్నాడు. విస్తట్లో గారె పడింది, పులిహోర పడింది. తన దినం భోజనం తిని, విస్తరి తీసి, స్టేషన్ వైపు నడిచాడు. ఏ రైలెక్కాడో తెలియదు. దిగిన ఊరు ఇది. చనిపోయినవాడు ఉండవలసిన చోటు వెతుక్కుంటూ ఈ గోడ దగ్గరికి వచ్చాడు.

ఫోటో తిప్పిన సంగతి నాకు గుర్తులేదు. కానీ ప్రతి ఇంట్లోనూ నేను చేసే పనే అది. ఆ రోజు అక్కడ నిలబడి చూసినవాడు తప్ప ఇంకెవరూ చెప్పలేని మాట. నా వెనక గోడ అవతల ఏదో కట్టె టపామని పేలింది.

"ఆయన కోసం ఎవరైనా వచ్చారా మాస్టారూ?" అన్నాడు.

"ఎవరి కోసం?"

"చొక్కా వేసుకున్నాయన కోసం. నాకు చేసినవన్నీ ఆయనకే కదా చేశారు. నా పేరుతో ఆయన కాలిపోయాడు. ఆయన పేరు నేను అడగలేదు. ఇప్పుడు నేను సూర్రావునంటే, ఆయన ఎవరూ కాకుండా పోతాడు."

ఎవరూ రాలేదు. ఇన్నేళ్ళలో మా చుట్టుపక్కల మనిషి తప్పిపోయాడని ఎవరూ వెతుక్కుంటూ రాలేదు. ఆ మాటే చెప్పాను. సూర్రావు లేచి లుంగీ దులుపుకున్నాడు. "అందుకే గీడ ఎవరొచ్చినా నీళ్ళు పోసేముందు పేరు అడుగుతాను. చెప్పకపోతే మళ్ళీ మర్నాడు అడుగుతా" అన్నాడు.

తిరిగొచ్చాక సత్యవతికి ఫోన్ చేశాను. అంతా చెప్పాను. పందిరి వెనక కూర్చుని తిన్నాడన్న మాట దగ్గర ఆమె నన్ను ఆపింది.

"ఆ రోజు వెనక వడ్డించింది నేనే అన్నయ్యగారూ" అంది.

ఆ వెంటనే, "బయల్దేరుతున్నాను" అంది.

ఆ సాయంత్రం ప్రార్థనలో గ్రేసమ్మ, ఇంట్లో ఉన్నవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పి దేవుడికి అప్పజెప్పింది. చివర్లో, "అన్న చొక్కా తొడుక్కుని పోయినాయన, పేరు మాకు ఎరుక లేదు ప్రభువా, నీకెరుక" అంది. గోడ తట్టే ఆయన కూడా ఆ ఒక్క మాటకు చెయ్యి ఆపాడు.

సత్యవతి

మర్నాడు పొద్దున ఆమెను స్టేషన్ నుంచి తీసుకొచ్చాను. బొట్టు లేదు, చేతులకు గాజులు లేవు. నేను చూడడం గమనించి, "ఏం పెట్టుకుని రావాలో తెలియలేదు. అలాగే వచ్చేశాను" అంది. దారిలో బోర్డుల మీది ముఖాలను చూసి కొంగు నిండా కప్పుకుంది.

గ్రేసమ్మ వాళ్ళిద్దరినీ ప్రార్థన మందిరంలో కూర్చోబెట్టింది. నన్ను వెళ్ళొద్దని సత్యవతే అంది. ఇద్దరి మధ్య నాలుగు కుర్చీల దూరం ఉంది. మా ఊళ్ళో అయితే ఈపాటికి వీధి వీధంతా వచ్చి గుండెలు బాదుకునేది. ఇక్కడ ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రమే ఉంది.

ఆమె అతన్ని పాదాల నుంచి మొదలుపెట్టి పైదాకా చూసింది. ముఖం దగ్గరికి వచ్చేసరికి చాలా సమయం పట్టింది.

"గారె వేసింది నేనే" అంది.

"తెలుసు."

"ఒక్క పిలుపు పిలవకూడదా?"

"ఏడుస్తున్నావు కదా. చచ్చినవాడు పిలిస్తే దడుచుకుంటావనుకున్నా."

"దడుచుకునేదాన్నే" అంది సత్యవతి. "దడుచుకుంటే దడుచుకునేదాన్ని. ఆ పూటతో పోయేది."

అప్పుడు ఏడ్చింది. గట్టిగా కాదు. అతను లేచి దగ్గరికి వెళ్ళబోయి, ముట్టుకోవచ్చో లేదో తెలియనట్టు ఆగిపోయాడు. కాసేపటికి ఆమె ముఖం తుడుచుకుని, చొక్కా వేసుకున్న మనిషి గురించి అడిగింది. అతను చెప్పాడు.

"ఇన్నేళ్ళు నేను ఏడ్చిందంతా ఆయనకే పోయిందన్నమాట" అంది. "పోనీలే. ఆయనకి ఏడ్చేవాళ్ళు ఉన్నారో లేదో. నేను ఏడ్చాను. తద్దినాలు పెట్టాను. ఆయనకేం లోటు చెయ్యలేదు. నువ్విప్పుడు సూర్రావునని చెప్పుకుంటే ఆయనకి తక్కువైపోయేదేం లేదు."

సూర్రావు ఆ మాట విని కుర్చీలో వెనక్కి వాలాడు. ఒంట్లోంచి ఏదో దిగిపోయినట్టు అతని భుజాలు కిందికి వచ్చాయి. గోడ దగ్గర చూసిన మనిషికీ ఇతనికీ తేడా నేను చెప్పగలను.

"ఇంటికి తీస్కపోతవా అమ్మా?" అని గ్రేసమ్మ వాకిట్లోంచి అడిగింది.

"ఇప్పుడే వద్దమ్మా" అంది సత్యవతి. "మా వీధిలోకి వస్తే జనం కిటికీలు వేసుకుంటారు. పిల్లలు రాళ్ళు వేస్తారు. అక్కడ ఈయన దయ్యం. ఇక్కడ మనిషని మీరంతా అంటున్నారు, ఈయన కూడా ఇప్పుడిప్పుడే నమ్ముతున్నాడు. కొన్నాళ్ళు ఇక్కడే ఉండనివ్వండి. నేనే వచ్చిపోతుంటాను. కాగితాల పని మాస్టారు చూస్తారు. అవన్నీ సరయ్యాక, వీధిలో వాళ్ళకి ఒక్కొక్కళ్ళకీ నేను చెప్పాక, అప్పుడు తీసుకెళ్తాను."

"నేను వస్తానని ఎవరన్నారు?" అన్నాడు సూర్రావు.

"రాకపోతే నేనే ఇడ్లీ బండి ఇక్కడికి తెచ్చుకుంటాను. పొద్దున తిన్నాను, ఇక్కడి చట్నీ చట్నీయే కాదు."

అతను నవ్వలేదు. కానీ లేని పళ్ళ మీదికి నాలుక తెచ్చుకుని తల వంచుకున్నాడు. సత్యవతి నా వైపు చూసింది. ఆయనే, అని ఆ చూపుకి అర్థం.

పెరట్లో

మాకు మధ్యాహ్నం రైలు. అన్నాలు తిని లేస్తుండగా యూసుఫ్ భాయ్ ఆటో సందులోకి వచ్చింది. ఎర్రగడ్డ వైపు నుంచి ఒక మనిషిని తెచ్చాడు. జడలు కట్టిన జుట్టు, ఒంటికి అతుక్కుపోయిన మూడు నాలుగు చొక్కాలు. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ ఎవరినీ చూడడం లేదు. దారి పొడుగునా ఒక్క మాటా అనలేదట. అతను గదిలోంచి పోతుంటే గోడ వారన కూర్చున్నవాళ్ళు కాళ్ళు దగ్గరికి లాక్కున్నారు.

సూర్రావు బకెట్ తీసుకుని పెరట్లోకి నడిపించాడు. రాతి మీద కూర్చోబెట్టి, ఎదురుగా గొంతుక్కూర్చుని, "పేరేంటన్నా?" అని అడిగాడు. జవాబు లేదు. "సరే, రేపు చెప్దువులే" అని కత్తెర తీసుకున్నాడు. చొక్కాలు ఒకదాని కింద ఒకటి కత్తిరిస్తుంటే నేను నిలబడలేకపోయాను. వాసన అలాంటిది. ఆ మనిషి ఊపిరి పీలుస్తున్నాడా లేదా అని కూడా అనుమానం వచ్చింది.

సత్యవతి చెప్పులు విడిచి, కొంగు నడుముకు దోపి వెళ్ళింది. ఎవరూ పిలవలేదు. చెంబు తీసుకుని నెమ్మదిగా భుజాల మీద నీళ్ళు పోయడం మొదలుపెట్టింది. సూర్రావు సబ్బు రుద్దుతున్నాడు. కాసేపటి దాకా రాతి మీద నుంచి నల్లటి నీళ్ళు పారుతూనే ఉన్నాయి.

"మెల్లగా! ఆయన కళ్ళలో పడుతోంది సబ్బు" అంది సత్యవతి.

"నాకు తెలీదా?"

"తెలిస్తే అలా రుద్దుతారా ఎవరైనా?"

రాతి మీది మనిషి కళ్ళు గట్టిగా మూసుకుని, మళ్ళీ తెరిచి, ఎవరా మాట్లాడుతున్నదని చూశాడు. ముందు ఆమెను, తర్వాత అతన్ని.

"నీళ్ళు చల్లారిపోయాయి" అన్నాడు సూర్రావు, తల ఎత్తకుండానే. "నిలబడి చూస్తావేంటి? వేడివి ఇంకో బకెట్ పట్రా."

"తెస్తున్నా, తెస్తున్నా. అరవకు" అంటూ సత్యవతి ఖాళీ బకెట్ తీసుకుని వంటింటి వైపు వచ్చింది. నా పక్క నుంచి వెళ్తూ, "నేను రేపొస్తాను అన్నయ్యగారూ, మీరు బయల్దేరండి" అంది.